పెరట్లో పందికొక్కులాంటిది చచ్చి పడి ఉంది, ఎవరికి చెప్పాలి?

కేటీ_కాకరపాదు
ఇప్పుడే జరిగింది, ఇంకా కాళ్లు వణుకుతున్నాయి. వెనక పేషియోలో తులసి కుండీ పక్కన పిల్లి అంత జంతువు, తెల్లటి మొహం, ఎలుక తోక, ఒక పక్కకి ఒరిగిపోయి నోరు తెరుచుకుని పడి ఉంది. పక్కింటి వాళ్ల కుక్క ఫెన్స్ కింద నుంచి దూరి వచ్చి గోల గోల చేసింది, మేం తలుపు తీసేసరికే ఇది ఇలా ఉంది. నాలుక బయటికి వచ్చేసింది, చొంగ కారుతోంది, కంపు భరించలేకపోతున్నాం. అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి రెండు వారాలే అయింది. శుక్రవారం పూట గడపలో ఈ చావేంటమ్మా అని ఆవిడ ఒకటే బాధ. మావారు ట్రాష్ బ్యాగ్, పార పట్టుకుని నిలబడ్డారు. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. సిటీ వాళ్లకి ఫోన్ చేయాలా, మేమే తీసేయొచ్చా? ముట్టుకుంటే రేబిస్ వస్తుందా?

రాలీ_రమణ
పార కింద పెట్టమనండి!! అది చావలేదు.

పశువుల_పావని
అది ఒపాసమ్. రమణ గారు చెప్పింది నిజం, దయచేసి బ్యాగ్‌లో వేయకండి. బాగా భయపడితే అలా పడిపోతుంది. చాలామంది నటన అనుకుంటారు గానీ అది కావాలని చేసేది కాదు, మనిషికి కళ్లు తిరిగి పడిపోయినట్టే, దాని చేతిలో లేదు. ఆ కంపు కూడా అందులో భాగమే, వెనక నుంచి పచ్చటి జిగురులాంటిది వదులుతుంది, కుళ్లిపోయిందనుకుని వేటాడేది వదిలేసి పోవాలని. కొన్ని నిమిషాల్లో లేవొచ్చు, నాలుగు గంటలు పట్టొచ్చు. కుక్కని వాళ్లింటికి పంపించండి, లైట్లు ఆపేయండి, అందరూ లోపలికి వెళ్లిపోండి. ఒంటి మీద కుక్క పళ్ల గాట్లు, రక్తం ఏమైనా కనిపించాయా?

కేటీ_కాకరపాదు
రక్తం లేదండి. లైట్లు ఆపేశాం. నమ్మకం మాత్రం కుదరడం లేదు, ఊపిరి తీస్తున్నట్టు కూడా లేదు.

గోదారి_గట్టు
నాకూ ఇలాగే అయింది డాలస్‌లో. నేను డస్ట్‌బిన్‌లో వేసేశాను. మర్నాడు మూత తీస్తే అది నా వంక చూసింది. ఇప్పటికీ తలుచుకుంటే పాపం అనిపిస్తుంది, రాత్రంతా అందులోనే ఉంది.

కేటీ_కాకరపాదు
లేచింది!!! 35 నిమిషాలు. మామయ్యగారు చీకట్లో కుర్చీ వేసుకుని కిటికీ దగ్గరే కూర్చున్నారు. ముందు చెవులు కదిలాయట, ఒకటి ఇటు, ఒకటి అటు. తర్వాత తల కొంచెం ఎత్తి, ఎవరూ లేరని చూసుకుని, కుండీల వెనక నుంచి నెమ్మదిగా డెక్ కిందకి వెళ్లిపోయింది. పరుగు కూడా లేదు. అత్తయ్యగారు దండం పెట్టుకున్నారు.

పశువుల_పావని
చెవులే ముందు కదులుతాయి. చప్పుడు లేదని నిర్ధారించుకుని లేస్తుంది. రేబిస్ సంగతి అడిగారు కదా, ఒపాసమ్‌లో చాలా చాలా అరుదు. ఒంటి వేడి మామూలు జంతువుల కన్నా తక్కువ, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది, వైరస్‌కి అది సరిపడదని అనుకుంటారు. అలాగని ముట్టుకోమని కాదు, ఏ అడవి జంతువునైనా వట్టి చేత్తో పట్టుకోకూడదు.

సనత్‌నగర్_సురేశ్
బాగానే ఉంది కానీ డెక్ కింద కాపురం పెడితే? మేం పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచాం, 400 డాలర్లు తీసుకుని బోను పెట్టి పట్టుకుపోయారు. పీడ వదిలింది. పెద్దవాళ్లున్న ఇంట్లో రిస్క్ ఎందుకు?

రాలీ_రమణ
ఎక్కడికి పట్టుకుపోయారో అడిగారా సురేశ్ గారూ? చాలా రాష్ట్రాల్లో పట్టిన జంతువుని వేరే చోట వదలడానికి చట్టం ఒప్పుకోదు, అంటే చాలాసార్లు చంపేస్తారు. వదిలినా కొత్త చోట తిండి ఎక్కడో, దాక్కునేది ఎక్కడో దానికి తెలియదు. పైగా జనవరి, ఫిబ్రవరిలో పట్టిన ఆడదానికి సంచిలో పిల్లలు ఉండొచ్చు. ఒక్కదాన్ని పట్టాం అనుకుంటారు, పదింటిని పట్టి ఉంటారు.

సనత్‌నగర్_సురేశ్
అడగలేదు. సంచి అంటే కంగారూ లాగానా? ఇది ఎలుక జాతి కాదా?

పశువుల_పావని
ఎలుకకీ దీనికీ చుట్టరికమే లేదు. అమెరికా, కెనడాల్లో కంగారూలా పొట్టసంచి ఉన్న జంతువు ఇదొక్కటే. 13 రోజులకే కనేస్తుంది, పిల్లలు తేనెటీగ అంత ఉంటాయి. కళ్లు లేవు, చెవులు లేవు, ముందు కాళ్ల గోళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని సంచి దాకా వాటంతట అవే పాకాలి. లోపల చనుమొనలు 13. 20 పుట్టినా సరే, చనుమొన దొరికిన వాటికే బతుకు. రెండు నెలలకి పైగా సంచిలో, తర్వాత తల్లి వీపు మీద. ఇంతా చేసి పెద్దయ్యాక బయట అది బతికేది మహా అయితే రెండేళ్లు. నేను పనిచేసే క్లినిక్‌కి వచ్చే వాటిలో ఎక్కువ కారు తగిలినవో, కుక్క కరిచినవో.

పదాల_పిచ్చి
శీర్షికలో పందికొక్కు అన్నారు కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లిష్‌లో బ్యాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే పోయింది. దాన్ని తీసుకెళ్లి ఆస్ట్రేలియాలో వేరే జంతువులకి పెట్టారు, అవేమో పొట్టసంచి జంతువులు. అంటే మన మాట ఇప్పటికే ఒపాసమ్ చుట్టాల ఇంట్లో ఉంది. ఒపాసమ్ అనేది వర్జీనియాలో ఉండే పౌహాటన్ తెగ వాళ్ల మాట, తెల్ల జంతువు అని అర్థం. 1770లో కెప్టెన్ కుక్ ఓడలో వెళ్లిన బ్యాంక్స్ అనే శాస్త్రవేత్త ఆస్ట్రేలియాలో ఇలాంటిదే ఒకటి కనిపిస్తే ఒపాసమ్ కుటుంబం అని రాసుకున్నాడు, ఆ పేరు అక్కడ పాసమ్‌గా స్థిరపడింది. రెండూ వేరు వేరు జంతువులే.

గోదారి_గట్టు
పాసం అనగానే నాకు మా కడప అత్త చేసే బెల్లం పాశం గుర్తొస్తోంది, ఇంక ఈ రాత్రి నిద్ర పట్టదు.

ఆస్టిన్_అరవింద్
పాములున్న చోట ఇది వరం. రాటిల్ స్నేక్, కాపర్‌హెడ్ విషం దీనికి ఎక్కదు, ఆ పాముల్ని తినేస్తుంది కూడా. దీని రక్తంలో ఉన్న ఒక పదార్థంతో పాముకాటు మందు తయారు చేయొచ్చని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ఎలుకల మీద పరీక్షించి చెప్పారు. ఇంకా ఒక్కోటి సీజన్‌కి 5000 పిడుదుల్ని తింటుంది, పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బు రాకుండా కాపాడుతుంది.

పశువుల_పావని
పాముల మాట నిజం. పిడుదుల మాట మాత్రం ఇక ఆపేయాలండి, మా క్లినిక్ గోడ మీద కూడా ఆ పోస్టర్ ఉంది, చూసినప్పుడల్లా చిరాకు. 2009లో బోనులో పెట్టిన ఒపాసమ్‌ల మీద వందేసి పిడుదు పిల్లల్ని వదిలారు, కొన్ని రోజులయ్యాక కింద పడినవి లెక్కపెట్టి, కనబడనివన్నీ తినేసిందని లెక్క కట్టారు. 5000 అంకె అక్కడి నుంచి వచ్చింది. 2021లో ఇల్లినాయ్‌లో 32 ఒపాసమ్‌ల పొట్టలు కోసి మైక్రోస్కోప్ కింద వెతికితే ఒక్క పిడుదు ముక్క కూడా దొరకలేదు.

ఆస్టిన్_అరవింద్
అయ్యో. నేను మా హెచ్ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) మీటింగ్‌లో ఇదే చెప్పి బోనులు వద్దనిపించాను.

పశువుల_పావని
బోనులు వద్దనిపించారు, చాలా మంచి పని చేశారు. నా బాధ ఏంటంటే, రేపెవరో ఈ 2021 పేపర్ పట్టుకొచ్చి, పిడుదుల్ని తినదట కదా, ఇంక ఎందుకు ఉంచాలి అంటారు. మనకి పని చేసి పెడితేనే బతకనిస్తాం అన్నట్టు మాట్లాడితే అది ఎప్పుడో ఒకప్పుడు దాని మెడకే చుట్టుకుంటుంది. ఆ డెక్ కట్టక ముందు, ఆ ఇళ్ల కాలనీ రాక ముందు నుంచి అది అక్కడ ఉంది. అది చాలదా?

కోళ్లగూడు_జార్జియా
అందరూ దాన్ని దేవుణ్ణి చేసేస్తున్నారు, ఒక్కడైనా రెండో వైపు చెప్పాలి. కిందటేడు ఒకే రాత్రి నాలుగు కోడిపిల్లల్ని తినేసింది. మా పాప పేర్లు పెట్టుకున్న పిల్లలవి. పొద్దున్నే అది గూట్లోనే ఒక మూల పడుకుని ఉంది, నేను వెళ్తే 50 పళ్లూ బయటపెట్టి బుస కొట్టింది. నాకు దాని మీద ఇష్టం రమ్మంటే రాదు.

రాలీ_రమణ
మీ బాధ నిజమే అన్నా, కోడిపిల్లలు, గుడ్లు దొరికితే అది వదలదు. గూటికి ఏ మెష్ ఉంది?

కోళ్లగూడు_జార్జియా
అప్పుడు మామూలు చికెన్ వైర్. ఇప్పుడు అర అంగుళం కన్నాల హార్డ్‌వేర్ క్లాత్, అంటే గట్టి ఇనప జాలీ వేశాను, కింద నేలలోకి కూడా అడుగు దాకా దించాను, పొద్దు గూకగానే తలుపు వేసి గొళ్లెం పెడతాను. అప్పటి నుంచి ఒక్కటీ పోలేదు. దాన్ని చంపలేదు లెండి, చీపురుతో తోలేశాను. చికెన్ వైర్ కోడిని లోపల ఉంచుతుంది, ఇంకొకదాన్ని బయట ఉంచదు అని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

పశువుల_పావని
గుర్రాలున్న వాళ్లు కూడా దాణా గట్టిగా మూత పెట్టుకోవాలి. ఒపాసమ్ రెట్ట కలిసిన దాణా తింటే గుర్రాలకి నరాల జబ్బు వస్తుంది. దానికీ మందు జాగ్రత్తే, తుపాకీ కాదు.

మెల్‌బోర్న్_మాధవి
ఆస్ట్రేలియా నుంచి నా వంతు. మా ఇంటి అటకలో బ్రష్‌టెయిల్ పాసమ్ ఉండేది. కొత్తలో రాత్రి రెండింటికి పైన మనిషి నడుస్తున్నట్టు అడుగుల చప్పుడు, మా ఆయన క్రికెట్ బ్యాట్ పట్టుకుని నిచ్చెన ఎక్కారు. తీరా చూస్తే ఇన్సులేషన్ మీద బోర్లించిన గిన్నెలా ముడుచుకుని ఒక తల్లి, దాని వీపు మీద ఒకే ఒక పిల్ల, రెండూ గులాబి రంగు ముక్కులతో టార్చ్ వంక చూశాయి. ఇక్కడ విక్టోరియాలో పాసమ్‌లకి 1975 వైల్డ్‌లైఫ్ చట్టం రక్షణ ఉంది. పట్టుకున్నా అదే ఇంటి ఆవరణలో, 50 మీటర్ల లోపే వదలాలి. అందుకని మేం చేసింది ఏంటంటే పెరట్లో చెట్టుకి చెక్క పెట్టె కట్టాం, అవి రాత్రి తిండికి బయటికి వెళ్లాక అటక కన్నం మూసేశాం, లోపల ఏదీ మిగల్లేదని రెండుసార్లు చూసుకున్నాకే. నాలుగో రోజుకి పెట్టెలో చేరింది. యూకలిప్టస్ చెట్టుకి తొర్ర ఏర్పడాలంటే వందేళ్లు పడుతుంది, ఆ చెట్లన్నీ మనం కొట్టేశాం, అది అటక ఎక్కక ఎక్కడికి పోతుంది?

మణికొండ_టు_సిడ్నీ
మాధవి అక్కా, కరివేపాకు సంగతి చెప్పవేం? నా చెట్టుకి ఇగురు వస్తే చాలు, తెల్లారేసరికి మోడు. ఐదేళ్లుగా పెంచుతున్నాను, పోపులోకి ఒక్క రెబ్బ లేదు.

మెల్‌బోర్న్_మాధవి
నాదీ అంతే తమ్ముడూ, గులాబీలు, నిమ్మ ఇగురు కూడా. వల కట్టు, కానీ పాత పెద్ద కన్నాల వల కట్టకు, ఒకసారి రింగ్‌టెయిల్ పాసమ్ పిల్ల ఒకటి నా వలలో చిక్కుకుని కాలు చుట్టూ దారం కోసుకుపోయి దొరికింది, ఆ రోజు నేను అన్నం తినలేదు. 2021 సెప్టెంబర్ నుంచి మా విక్టోరియాలో ఇళ్లలో పండ్ల చెట్లకి వాడే వల కన్నం 5 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. వేలు దూరితే ఆ వల పనికిరాదు, అదే లెక్క. ఎండాకాలం పళ్లెంలో నీళ్లు కూడా పెట్టు. 2019 డిసెంబర్ వడగాడ్పుకి సోమర్స్ బీచ్‌లో వందకి పైగా రింగ్‌టెయిల్స్ చచ్చి పడ్డాయి. దాహానికి చెట్లు దిగి నీళ్ల కోసం సముద్రం దాకా వచ్చాయి పాపం.

ఆక్లాండ్_అనిల్
ఈ థ్రెడ్‌లో నా మాట ఎవరికీ నచ్చదు. మా న్యూజిలాండ్‌లో ఇదే బ్రష్‌టెయిల్‌ని పట్టి చంపుతారు, నేను కూడా మా వీధి ట్రాపింగ్ గ్రూపులో ఉన్నాను. బొచ్చు వ్యాపారం కోసం 1837లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి వదిలారు. ఇక్కడ దాన్ని తినేది ఏదీ లేదు, కోట్లలో పెరిగింది. రాటా చెట్ల ఆకులు చెట్టు చచ్చేదాకా తింటుంది, కొకాకో పక్షి గుడ్లు, పిల్లల్ని తింటుంది, పశువులకి టీబీ అంటిస్తుంది. 2050 నాటికి వీటిని లేకుండా చేస్తామని ప్రభుత్వం 2016లో ప్రకటించింది.

మెల్‌బోర్న్_మాధవి
నచ్చకపోవడం ఏముంది అనిల్ గారూ, నిజం చెప్పారు. అక్కడ పక్షుల్ని కాపాడాలంటే అది తప్పదు. కానీ దానంతట అది సముద్రం దాటి రాలేదు కదా. చంపినా బాధ లేకుండా చంపమనే నేను అడిగేది.

ఆక్లాండ్_అనిల్
ఒప్పుకుంటాను. మేం వాడే ట్రాప్ వెంటనే చంపేది. కాలు పట్టుకుని రాత్రంతా వేలాడదీసే రకాలు మా గ్రూపులో ఎవరూ వాడరు. మొదటిసారి పెట్టెలోంచి తీసినప్పుడు దాని బొచ్చు ఎంత మెత్తగా ఉందో, మా అమ్మాయి ముట్టుకుని ఏడ్చింది. పని ఆపలేదు, కానీ గొప్పగా చెప్పుకోను.

మెల్‌బోర్న్_మాధవి
ఇక్కడ ఇంకో వైపు కూడా ఉంది. కొండల్లో 45 గ్రాముల పిట్టంత పాసమ్ ఒకటుంది, మౌంటెన్ పిగ్మీ పాసమ్. దాన్ని ముందు రాతి శిలాజంగానే ఎరుగుదురు, ఎప్పుడో అంతరించిందనుకున్నారు. 1966లో మౌంట్ హోథమ్ మీద ఒక స్కీ లాడ్జిలో బతికున్నది దొరికింది. మంచు కరిగాక అది లేచేసరికి దాని తిండికి బొగాంగ్ చిమ్మటలు వలస రావాలి, అవి 2017 నుంచి రెండేళ్లు దాదాపు రాలేదు, సంచిలో పిల్లలు ఆకలికి చచ్చిపోయాయి. చిమ్మటలు దారి తప్పకుండా సెప్టెంబర్, అక్టోబర్‌లలో అనవసరమైన లైట్లు ఆపమని జూ వాళ్లు అడుగుతారు. మేం పోర్చ్ లైట్ ఆపేస్తాం, ఇంటి ముందు చీకటేంటని మా అమ్మ ఫోన్‌లో తిడుతుంది.

కేటీ_కాకరపాదు
ఇదంతా మావారికి చదివి వినిపించాను. బోను ఆలోచన మానేశాం. ఒక సందేహం. మామయ్యగారు రోజూ రాత్రి దానికి అరటిపండు పెడుతున్నారు. తప్పా?

పశువుల_పావని
ఆపించండి ప్లీజ్. మన చేతి తిండి అలవాటైతే మనుషులకి, కుక్కలకి భయపడటం మానేస్తుంది, అదే తిండికి ఎలుకలు, రకూన్లు కూడా చేరతాయి. పిల్లి గిన్నె కూడా రాత్రి లోపల పెట్టేయండి. మీరు ఏమీ పెట్టకపోతే కొన్నాళ్లుండి అదే ఇంకో చోటికి పోతుంది, ఒకే గూట్లో ఎక్కువ రోజులు ఉండే రకం కాదు. తర్వాత డెక్ కింద సందులో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి మూడు రాత్రులు చూడండి, కాగితం కదలకపోతే అప్పుడు మెష్ కొట్టించండి. వసంతంలో మాత్రం మూయొద్దు.

కేటీ_కాకరపాదు
మామయ్యగారు, ఒక్క అరటిపండుకి ఏమవుతుందమ్మా అంటున్నారు. చెప్పి చూస్తాను.

సనత్‌నగర్_సురేశ్
మా గ్యారేజ్‌లో ఎలుకల మందు పెట్టాం. దానికేమైనా ఇబ్బందా?

పశువుల_పావని
ఉంది. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మత్తుగా తిరుగుతుంది, దాన్ని ఒపాసమో గుడ్లగూబో తింటే లోపల రక్తస్రావం అయి అదీ పోతుంది. స్నాప్ ట్రాప్ మూత ఉన్న పెట్టెలో పెట్టండి.

రాలీ_రమణ
రోడ్డు సంగతి ఒకటి రాయాలి, ఎవరికైనా పనికొస్తుంది. కిందటి ఏప్రిల్‌లో రాత్రి పదకొండింటికి మోరిస్‌విల్ నుంచి వస్తున్నాను, రోడ్డు పక్కన ఒపాసమ్ పడి ఉంది. నిజంగానే చచ్చిపోయింది, తల మీద నుంచి టైరు పోయింది. వెళ్లిపోదామనుకుంటే పొట్ట దగ్గర ఏదో కదిలింది. ట్రాఫిక్ లేని రోడ్డు, హజార్డ్ లైట్లు వేసి, స్నో గ్లోవ్స్ తొడుక్కుని దగ్గరికెళ్లాను. పొట్ట మీద చిన్న చీలిక, లోపల వేడిగా ఉంది, తల్లి ఒళ్లు చల్లబడిపోయినా ఆ సంచి వేడిగానే ఉంది. ఫోన్ వెలుగులో గులాబి రంగు తోకలు ఒకదాని మీద ఒకటి. లాగబోయి ఆగాను, అదే మంచిదైంది. చనుమొన పిల్ల నోట్లో ఉబ్బిపోయి ఉంటుంది, లాగితే దాని దవడ చిరిగిపోతుందట. అందుకని తల్లిని అలాగే పాత పంచెలో చుట్టి డబ్బాలో పెట్టుకున్నాను. దెబ్బతిన్న అడవి జంతువుల్ని సాకి వదిలే, లైసెన్స్ ఉన్న వైల్డ్‌లైఫ్ రీహ్యాబ్ ఆవిడ ఫోన్‌లో రెండే చెప్పింది, వెచ్చగా చీకట్లో ఉంచు, పాలూ నీళ్లూ ఏమీ పట్టకు. డబ్బా సగం కింద హీటింగ్ ప్యాడ్ పెట్టి బాత్రూంలో ఉంచాను. తొమ్మిదిట్లో ఆరు బతికాయి, జులైలో వదిలారు. ఆవిడ రమ్మంటే వెళ్లి చూశాను, ఒక్కటీ వెనక్కి తిరగలేదు.

గోదారి_గట్టు
ఆ పంచె ఎవరిది రమణ గారూ?

రాలీ_రమణ
మా నాన్నగారిది. ఆయన పోయి రెండేళ్లు, కారులో సీటు వెనక ఉంచుకునేవాణ్ణి.

ఆస్టిన్_అరవింద్
టెక్సస్ వాళ్లకి: పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్‌లో కౌంటీ వారీగా రీహ్యాబ్ వాళ్ల లిస్టు ఉంటుంది. ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి, అర్ధరాత్రి వెతకడం కష్టం.

కేటీ_కాకరపాదు
మూడు నెలల తర్వాత థ్రెడ్ పైకి తెస్తున్నాను, అర్జెంట్. అది డెక్ కిందకి మళ్లీ వచ్చింది. నిన్న రాత్రి కెమెరాలో పడింది, వీపు నిండా పిల్లలతో, బస్ టాప్ మీద జనంలా. మామయ్యగారు వీడియో ఆపి ఆపి లెక్కపెట్టారు, ఎనిమిది. ఫెన్స్ దాటేటప్పుడు ఇంకోసారి కనిపించింది, అప్పుడు ఏడే. ఆయన పొద్దున్నుంచి వెతుకుతున్నారు. ఎలా కనిపెట్టాలి? తల్లి వెనక్కి వస్తుందా?

పశువుల_పావని
రాదండి. జారిపోయిన పిల్ల కోసం తల్లి వెనక్కి రాదు, పిల్లే పిలుచుకుంటూ వెళ్లాలి. తుమ్మినట్టు చిన్న చప్పుడు చేస్తుంది, ఛ్ ఛ్ అని. అందరూ మాట్లాడకుండా నిలబడి వినండి.

కేటీ_కాకరపాదు
దొరికింది. అత్తయ్యగారికి వినిపించింది, కాకరపాదు తడకకీ ఏసీ యూనిట్‌కీ మధ్య సందులో. ఎవరో తుమ్ముతున్నారమ్మా అన్నారు. ఆవిడే కిచెన్ గ్లోవ్స్ వేసుకుని తీసి చెప్పుల పెట్టెలో పెట్టారు, తన నేత చీర ముక్క వేసి.

రాలీ_రమణ
ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలవండి, తోక కలపొద్దు. 7 అంగుళాల పైన ఉంటే వదిలేయొచ్చు, దాని బతుకు అది చూసుకుంటుంది.

కేటీ_కాకరపాదు
నాలుగున్నర. మామయ్యగారు పక్కనే స్కేల్ పెట్టి చూశారు. అరవింద్ గారి లిస్టులో మొదటి నంబర్ ఎత్తలేదు, రెండో ఆవిడ తీసుకురమ్మంది, 40 నిమిషాల దూరం. మావారు కారు తీస్తున్నారు, పెట్టె అత్తయ్యగారి ఒళ్లో ఉంది.

పశువుల_పావని
మూతకి కన్నాలు ఉన్నాయా? ఏసీ తగ్గించండి, కారులో పాటలు ఆపేయండి. దారిలో మూత తీసి చూడొద్దు, ఎంత అనిపించినా.